ఇంజను కనిపిస్తోంది, బొగ్గేసినోడు ఏడీ?

పొగబండి ఫోటో అంటే ఇష్టపడని వాళ్ళు తక్కువ. క్యాలెండర్ల మీద, పాఠ్యపుస్తకాల్లో, పెద్ద స్టేషన్ల గోడల మీద అదే బొమ్మ. నల్లటి ఇంజను, ఆకాశానికెగసే తెల్లటి ఆవిరి, మెరిసే చక్రాలు. చూడముచ్చటగానే ఉంటది, కాదనను. కానీ మిత్రులారా, ఈసారి అలాంటి ఫోటో ముందు నిలబడినప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి. ఆ పొగ ఊరికే రాలేదు. బొగ్గు కాలితే వచ్చింది. ఆ బొగ్గును పారతో ఎత్తి పొయ్యిలో ఏసినోడు ఒకడున్నాడు. ఆ మనిషి ఏడీ?

ఆవిరి ఇంజను ఒక్కడితో కదిలేది కాదు. డ్రైవరు వచ్చి చెయ్యి వేసేసరికే దాని వెనక ఎంతోమంది పని అయిపోయి ఉంటుంది. చల్లారిన ఇంజనుకు మళ్ళీ ఆవిరి పట్టించాలంటే గంటల తరబడి మంట రాజెయ్యాలి. బూడిద లాగెయ్యాలి. గొట్టాల్లో పేరుకున్న మసి దులపాలి. బాయిలరు లోపల గట్టిపడ్డ సున్నపు పొర కడగాలి. కీళ్ళకు నూనె పొయ్యాలి. బొగ్గు నింపాలి, నీళ్ళు పట్టాలి. దారి పొడుగునా పట్టాలు చూసుకునే గ్యాంగు కూలీలు ఉండాలి. డీజిలు ఇంజనుకు ఈ చాకిరీలో చాలా భాగం లేదు. రైల్వేలు ఆవిరిని వదిలెయ్యడానికి అదొక పెద్ద కారణం. ఆవిరి పోయినప్పుడు ఇంజనుతో పాటు ఆ పనులూ పోయాయి. కొన్ని ఇంజన్లు మ్యూజియంలో చేరాయి. పనివాళ్ళు ఎందులో చేరారు?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. అమెరికాలో దీని మీద పెద్ద కథే నడిచింది. మనం తెలుసుకోవలసిన కథ.

ప్రపంచంలో బాగా పేరుపడ్డ రైలు ఫోటోల్లో ఒకటి 1869 మే 10న తీసింది. యూటా ప్రాంతంలో ప్రొమాంటరీ సమ్మిట్ అనే చోట తూర్పు నుంచి వేసుకొచ్చిన పట్టాలు, పడమటి నుంచి వేసుకొచ్చిన పట్టాలు కలిశాయి. తూర్పువైపు కంపెనీ యూనియన్ పసిఫిక్. పడమటివైపు కంపెనీ సెంట్రల్ పసిఫిక్. జూపిటర్ అనే ఇంజనునూ, 119 నంబరు ఇంజనునూ ఎదురెదురుగా నిలబెట్టారు. ఇంజన్ల మీద మనుషులు, కింద గుంపులుగా మనుషులు, కొందరి చేతుల్లో సీసాలు. మధ్యలో రెండు కంపెనీల పెద్ద ఇంజనీర్లు చేతులు కలుపుతున్నారు. తీసిన ఫోటోగ్రాఫర్ ఆండ్రూ రస్సెల్.

పడమటివైపు దారి వేసింది ఎవరు? ఎక్కువ భాగం చైనా కూలీలు. 1865 నుంచి వాళ్ళను పనిలోకి తీసుకున్నారు. పని ముమ్మరంగా నడిచిన కాలంలో ఆ కంపెనీ కూలీల్లో పదింట ఎనిమిది మందికి పైగా వాళ్ళే. సియెర్రా నెవాడా కొండల్లో తుపాకిమందు పెట్టి రాయిని పగలగొట్టి సొరంగాలు తొలిచారు. మంచు చరియలు మీదపడి చచ్చిపోయారు. 1867 జూన్‌లో తెల్లవాళ్ళతో సమానంగా కూలి కావాలి, పని గంటలు తగ్గించాలి అని వేలమంది పని ఆపేశారు. కంపెనీ దొర చార్లెస్ క్రాకర్ ఏం చేశాడో తెలుసా? తిండి సరుకు అందకుండా చేశాడు. వారం రోజుల్లో సమ్మె విరిగింది. కడుపు మీద కొట్టడం ఏ దేశంలోనైనా ఒకటే విద్య.

ఇప్పుడు ఆ ఫోటోలో వాళ్ళ ముఖాలు వెతకండి. ఇదిగో వీళ్ళు అని చూపించడానికి స్పష్టంగా ఒక్క ముఖమూ దొరకదు. ఆ తర్వాత 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకూడదని చట్టమే చేశారు. 1943 దాకా ఆ చట్టం పోలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అదే రోజు అదే రస్సెల్ ఇంకో ఫోటో తీశాడు. అందులో చైనా కూలీలు ఆఖరి పట్టా వేస్తూ కనిపిస్తారు. సెంట్రల్ పసిఫిక్ తరఫున ఫోటోలు తీసిన ఆల్‌ఫ్రెడ్ హార్ట్ కూడా కొండల్లో వాళ్ళను తీశాడు. సొరంగం ముందు టీ నీళ్ళు మోసుకొచ్చిన చైనా కూలీ ఫోటో అతనిదే. అంటే తప్పంతా కెమెరాది అంటే సరిపోదు. ఫోటో ఉంది. పెట్టెలో ఉంది. పుస్తకాలకు ఎక్కింది మాత్రం సీసాలెత్తిన ఫోటో. ఫోటో తీసేవాడు ఒకడు, ఏది అచ్చెయ్యాలో తేల్చేవాడు ఇంకొకడు. ఈ రెండోవాడి పెత్తనం మనకు కనపడదు. కాబట్టే అది ఎక్కువ కాలం నడుస్తుంది.

ఎంత కాలం అంటారా? 1969లో నూరేళ్ళ పండగ చేశారు. రవాణా మంత్రి జాన్ వోల్పీ లేచి, అమెరికన్లు కాక ఇంకెవరు ఈ కొండల్లో, ఈ మంచులో సొరంగాలు తొలచగలిగేవాళ్ళు అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ సొరంగాలు తొలిచిన చైనా కూలీలకు పౌరసత్వం ఇవ్వని దేశం అది! ఫోటోలో లేనివాడు నూరేళ్ళ తర్వాత ఉపన్యాసంలోనూ లేకుండా పోయాడు. ఫోటో అంత పని చేస్తుంది.

న్యూయార్కులో లాండ్రీ నడుపుకునే ఒక చైనా కుటుంబంలో 1947లో పుట్టినవాడు కార్కీ లీ. బళ్ళో చదివేటప్పుడు పాఠ్యపుస్తకంలో ఈ ఫోటో చూశాడు. చైనా వాళ్ళు దారి వేశారని విన్నాను, వీళ్ళల్లో ఒక్కరూ లేరేంటి అనుకున్నాడు. నేను బడిపంతులును. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయన్న దానికంటే అలాంటి ప్రశ్న పుట్టిన పిల్లవాడు నాకు ముఖ్యం. ఆ పిల్లవాడు ఫోటోగ్రాఫరయ్యాడు. 2014 మే 10న, సరిగ్గా 145 ఏళ్ళకు, ఆ కూలీల మనవలనూ మునిమనవలనూ, ఇంకెందరో చైనా అమెరికన్లనూ ప్రొమాంటరీకి పిలిచి, ఆ ఇంజన్ల నమూనాల ముందే నిలబెట్టి ఫోటో తీశాడు. తన పనికి ఫోటోతో చేసే న్యాయం అని పేరు పెట్టుకున్నాడు. ఆ నెలలోనే అమెరికా కార్మిక శాఖ ఆ చైనా కూలీలను తన గౌరవ జాబితాలో చేర్చింది. కార్కీ లీ 2021 జనవరిలో కరోనాతో పోయాడు. ఫోటో ఉంది.

ఇక ఆవిరి ఇంజన్ల ఫోటోలంటే అందరూ చెప్పే పేరు ఓ. విన్‌స్టన్ లింక్. 1914లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఇంజనీరింగు చదివి, కంపెనీలకు ప్రకటనల ఫోటోలు తీసి బతికాడు. 1955లో వర్జీనియాకు పని మీద పోయి, నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో ఇంకా ఆవిరి ఇంజన్లు నడవడం చూశాడు. బొగ్గు గనుల మధ్య నడిచే రైల్వే గనక మిగతా పెద్ద కంపెనీలు వదిలేసినా అది వదల్లేదు. 1960లో అదీ వదిలేసింది. ఆ అయిదేళ్ళలో లింక్ ఇరవై సార్ల దాకా అక్కడికి పోయి, సొంత ఖర్చుతో రెండు వేలకు పైగా ఫోటోలు తీశాడు. ఎక్కువ రాత్రిపూటే. సూర్యుణ్ణి మనకు కావలసిన చోటికి జరపలేం గనక వెలుగు తానే చేసుకున్నాడు. పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులు తీగలతో కలిపి, రైలు వచ్చిన క్షణాన ఒక్కసారి వెలిగించేవాడు. ఒక్క బల్బు తీగ ఊడినా ఏదీ వెలగదు, రైలు ఆగదు. 1956లో వెస్ట్ వర్జీనియాలో కార్లలో కూర్చుని సినిమా చూసే చోట, తెర మీద విమానం, పక్కన దూసుకుపోయే రైలు ఉన్న ఫోటో తీశాడు. ఫ్లాష్ వెలుగుకు తెర తెల్లబోతే, ఆ విమానం బొమ్మను తర్వాత వేరే నెగటివ్ నుంచి చేర్చాడు. అంటే ఫోటో కూడా కట్టిన ఇల్లు లాంటిదే. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో కట్టేవాడు తేలుస్తాడు.

లింక్‌ను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన రైల్వే మనుషుల్ని, పట్టాల పక్కన బతికిన కుటుంబాల్ని కూడా ఫోటోల్లో పెట్టాడు. ఆయన లేకపోతే ఆ రైల్వే ఆఖరి రోజులు ఇట్లా కళ్ళముందు నిలిచేవి కావు. కానీ అందమైన ఇంజను ఫోటో చెప్పని సంగతి ఒకటుంది. అది కోర్టు కాగితాల్లో దొరుకుతుంది.

దక్షిణ అమెరికా రాష్ట్రాల్లో బొగ్గేసే ఫైర్‌మన్ పని మురికి పని, ఒళ్ళు కాలే పని. కాబట్టి నల్లవాళ్ళకు ఇచ్చారు. డ్రైవరుగా మాత్రం ఎక్కనివ్వలేదు. తర్వాత బొగ్గును యంత్రమే ఎత్తిపోసే ఇంజన్లు వచ్చాయి, డీజిలు వచ్చింది. పని తేలికయింది. తేలికయ్యేసరికి తెల్లవాళ్ళకు ముద్దొచ్చింది. తెల్లవాళ్ళ యూనియను 1941లో రైల్వే కంపెనీలతో ఒప్పందం చేసుకుని నల్ల ఫైర్‌మన్లను వెనక్కి నెట్టింది. అలబామాలో బెస్టర్ స్టీల్ అనే నల్ల ఫైర్‌మన్ కోర్టుకెక్కాడు. 1944 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అందరి పేరున బేరమాడే యూనియను అందరికీ న్యాయం చెయ్యాలంది. మనకిది వింత కాదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడులో రైల్వే దళిత కార్మికుల మహాసభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ చెప్పింది ఇదే. మనవాళ్ళు గ్యాంగుమన్‌లుగానే ఉండిపోతున్నారు, పోర్టరుగా కూడా తీసుకోరు, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పని చెయ్యాలి గదా! ఏ పట్టాల ఫోటోలో కనపడుతుంది ఈ సంగతి?

అయితే ఫోటోగ్రాఫరు చెయ్యగలిగింది ఏమీ లేదా? ఉంది. లింక్ పుట్టిన 1914లోనే ఉక్రెయిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వలసొచ్చిన జాక్ డెలానో చేసి చూపించాడు. ప్రభుత్వం తరఫున 1942-43లో షికాగో చుట్టుపక్కల రైల్వే యార్డులన్నీ తిరిగాడు. యుద్ధకాలం, ప్రభుత్వ ప్రచారం కోసం తీసినవే, అది మరవొద్దు. అయినా ఏం చేశాడో చూడండి. 1943 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రం క్లింటన్ షెడ్డులో ఒక ఆడమనిషి గొట్టం పట్టుకుని కొండంత ఇంజనును ఆవిరితో కడుగుతోంది. ఫోటో కింద వయొలా సీవర్స్ అని పేరుంది. ఏ షెడ్డో, ఏ రైల్వేనో, ఏం పనో ఉంది. అదే షెడ్డులో ఇంజన్లు తుడిచే ఆడవాళ్ళు అన్నం తినే ఫోటో ఉంది. అక్కడా పేర్లున్నాయి. ఆ ఫోటోలు ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయంలో ఎవరైనా చూడొచ్చు. పేరు అడగడానికి డెలానోకు ఎంతసేపు పట్టి ఉంటుంది? అర నిమిషం. ఆ అర నిమిషం వల్ల ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ఆమె "ఒక కూలి మనిషి" కాలేదు.

మన దగ్గరకొద్దాం. చిత్తరంజన్ కార్ఖానాలో 1950 నుంచి 1972 దాకా 2,351 ఆవిరి ఇంజన్లు కట్టారు. 1970లో కట్టిన ఆఖరి బ్రాడ్‌గేజి ఇంజనుకు అంతిమ్ సితారా అని పేరు పెట్టారు. ఇంజనుకు పేరుంది. ఇంగ్లండులో 1968లో ఆవిరి పోతే, అక్కడి ఫోటోగ్రాఫర్లు కెమెరాలు పట్టుకుని మన దేశం వచ్చారు. వాళ్ళు వేసిన పుస్తకాలు చాలావాటిలో ఇంజను నంబరు, తరగతి, కట్టిన సంవత్సరం పొల్లుపోకుండా ఉంటాయి. తొక్కుడు పలక మీద తలకు గుడ్డ కట్టుకుని నిలబడ్డ మనిషి కింద పేరుండదు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి 1995 డిసెంబరుతో ముగిసింది. మీటరుగేజి మీద ఆ తర్వాత కొద్ది ఏళ్ళకు ముగిసింది. కాజీపేటలో, బెజవాడలో, గుంతకల్లులో, లాలాగూడ కార్ఖానాలో పనిచేసినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. కొందరు మన ఊళ్ళలోనే, మన వాడల్లోనే ఉన్నారు. వాళ్ళకున్న ఫోటో చాలాసార్లు గుర్తింపు కార్డు మీద అంటించిన అరంగుళం ఫోటో ఒక్కటే.

"ఫోటో కళ గదా, దాన్నీ రాజకీయం చేస్తారా" అని అడిగేవాళ్ళుంటారు. ఇంజనుకు నంబరు రాయడం కళకు అడ్డం రాలేదు. మనిషికి పేరు రాస్తే ఎందుకు అడ్డమొస్తది?

కాబట్టి కార్యకర్తలకు ఒక పని చెబుతున్నాను. మీ ఊళ్ళో, మీ వాడలో రైల్వేలో చేసినవాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. ఫైర్‌మన్, కళాసీ, గ్యాంగుమన్, బొగ్గు మోసినామె, ఎవరైనా సరే. ఇంట్లో పాత ఫోటో ఉంటే ఇప్పుడు అందరి దగ్గరా ఉన్న ఫోనుతోనే దానికి ఫోటో తియ్యండి. అసలు ఫోటో వాళ్ళ ఇంట్లోనే ఉండనివ్వండి, పట్టుకుపోవద్దు. దాని వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. పెన్నుతో రాస్తే సిరా ముందుకు దిగుతుంది. పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ షెడ్డు, ఏం పని, ఏ సంవత్సరం. ఫోటో లేకపోతే ఇప్పుడు తియ్యండి. చేతులు కూడా తియ్యండి. లింక్ ఇంజన్ల చప్పుడు కూడా టేపు చేసి దాచాడు. మనం ఆ ముసలాయన గొంతు రికార్డు చేద్దాం. బొగ్గు ఎన్ని పారలు వేసేవాడో, ఏ గట్టు ఎక్కేటప్పుడు ఆవిరి తగ్గేదో, ఏ స్టేషన్లో ఎవరు మంచినీళ్ళు పోసేవాళ్ళో, ఎవరు పొయ్యలేదో ఆయననే చెప్పనివ్వండి.

టీచర్లకు కూడా ఒక మాట. పుస్తకంలో పొగబండి బొమ్మ వచ్చినప్పుడు ఆవిరి యంత్రం కనిపెట్టింది ఎవరు అని అడుగుతాం. అడగండి. దానితోపాటు ఇందులో బొగ్గేసినోడు ఏడీ అని కూడా అడగండి. మీ తాతగారు రైల్లో చేశారా అని అడగండి. ఎవరో ఒక పిల్లో పిల్లవాడో చెయ్యి ఎత్తుతారు. ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయి, ఆ పేరు రాసుకురండి.