పిట్ట కొంచెం, కూత ఘనం - ఎల్‌గెస్ట్ గురించి నాలుగు మాటలు

వర్చువల్ మెషీన్ల గురించి మాట్లాడమంటే మన సాఫ్టువేరు జనం గంటసేపు ఆగకుండా మాట్లాడతారు. ఏ క్లౌడులో ఏ సైజు దొరుకుతుంది, గంటకి ఎంత పడుతుంది, ఏ బటను నొక్కితే ఎన్ని లేస్తాయి... అన్నీ నోటికొచ్చు. "సరే, ఆ మెషీను అసలు ఎక్కడ నడుస్తోంది? దాని మెమొరీ ఎవరిది? అది తిక్క వేషాలేస్తే పట్టుకునేదెవరు?" అని అడిగి చూడండి. "హార్డువేరుకీ ఓఎస్‌కీ మధ్యన హైపర్‌వైజరని ఒక పొర ఉంటుందండీ" అంటారు. అంతే, కథ కంచికి.

పొర అనేది జవాబు కాదు. ఉల్లిపాయకీ పొరలుంటాయి. ఆ పొరలో ఏముందో తెలియకుండా దానిమీదే ఉద్యోగాలు చేస్తున్నాం, దానిమీదే జనం బ్యాంకు లెక్కలు పెడుతున్నాం. తెలుసుకోవాలంటే పెద్ద కష్టమా అంటే, కాదు. దాదాపు అయిదు వేల లైన్లలో మొత్తం హైపర్‌వైజరు రాసి, కథలాగా చదువుకోమని వ్యాఖ్యలు కూడా పెట్టి ఇచ్చాడు ఒక మహానుభావుడు. ఆయన పేరు రస్టీ రసెల్, ఆ హైపర్‌వైజరు పేరు ఎల్‌గెస్ట్. 2007 అక్టోబరులో లినక్స్ 2.6.23తో కెర్నెల్లోకి వచ్చింది, 2017లో 4.14 నుంచి తీసేశారు. తీసెయ్యడం సబబే. కానీ చదవడం మానెయ్యడం మాత్రం సబబు కాదని నా వాదన.

ముందు కాస్త పూర్వకథ. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి 2003లో వచ్చిన జెన్, కెర్నెలు కింద కూర్చుంటుంది. అంటే అది విడిగా ఒక చిన్న ఓఎస్ లాంటిది. లినక్సు దాని మీద నడుస్తుంది. 2007 ఫిబ్రవరిలో 2.6.20తో వచ్చిన కేవీఎం దీన్ని తిరగేసింది. లినక్సులో షెడ్యూలరుంది, మెమొరీ నిర్వహణ ఉంది, డ్రైవర్లున్నాయి. అవన్నీ మళ్ళీ ఎందుకు రాయడం? కెర్నెల్నే హైపర్‌వైజరుగా వాడుకుంటే పోలా? ఇదీ దాని ఆలోచన. కాకపోతే దానికి ప్రాసెసరు సాయం కావాలి. ఇంటెల్ 2005లోనూ, ఏఎండీ 2006లోనూ ఆ సాయం తెచ్చాయి. ఎల్‌గెస్ట్ కూడా కెర్నెల్లోనే ఉంటుంది గానీ, దానికి ప్రాసెసరు సాయం కూడా అక్కర్లేదు. మామూలు 32-బిట్ ఎక్స్86 చాలు.

సాయం లేకపోతే ఇబ్బందేమిటంటారా? పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు 1974లోనే చెప్పారు: మెషీను స్థితిని మార్చే ప్రతి ఇన్‌స్ట్రక్షనూ, అధికారం లేనివాడు వాడితే పట్టుబడాలి. అప్పుడే వర్చువల్ మెషీను తేలిగ్గా కట్టొచ్చు. ఎక్స్86 ఈ పరీక్షలో తప్పింది. పాప్ఎఫ్ అనే ఇన్‌స్ట్రక్షనుంది. కెర్నెలు దాంతో ఇంటరప్టుల్ని ఆపగలదు, తెరవగలదు. అదే అధికారం తక్కువున్న చోట వాడితే తప్పని చెప్పదు, పని కూడా చెయ్యదు. గప్‌చుప్‌గా ఊరుకుంటుంది. తిట్టేవాడితో వేగొచ్చు గానీ, సరేనని తలూపి పని చెయ్యనివాడితో వేగలేం కదా! ఎల్‌గెస్ట్ దీనికి చేసిన ఉపాయం సూటిగా ఉంటుంది: అతిథి కెర్నెలుకి "నువ్వు అతిథివి" అని ముందే చెప్పెయ్యడం. ఇంటరప్టులు ఆపాలనుకుంటే ప్రాసెసరుతో చెప్పుకోనక్కర్లేదు, ఇద్దరూ చూడగలిగే ఒక చోట ఒక గుర్తు మార్చు, చాలు. నేను చూసుకుంటా అంటుంది ఆతిథేయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

లాంచరని ఒక మామూలు సీ ప్రోగ్రాముంటుంది. కాస్త మెమొరీ అడిగి తీసుకుంటుంది. అందులోకి అతిథి కెర్నెల్ని ఎక్కిస్తుంది. ఆ మెమొరీయే అతిథికి మొత్తం రామ్. అంటే పాపం ఆ అతిథి తన భౌతిక మెమొరీ అనుకుంటున్నది నిజానికి ఒక మామూలు ప్రాసెసు తాలూకు వర్చువల్ మెమొరీ. తర్వాత లాంచరు డెవ్ డైరెక్టరీలో ఎల్‌గెస్ట్ అనే ఫైలు తెరిచి, మెమొరీ ఎక్కడుందో, ఎక్కడ మొదలెట్టాలో అందులో రాస్తుంది. ఆ తర్వాత అదే ఫైల్ని చదువుతుంది. ఆ చదవడమే మెషీన్ని నడపడం! రీడ్ కాల్ తిరిగొచ్చిందంటే అతిథికి లాంచరుతో ఏదో పని పడిందన్నమాట. ఆ పని చేసిపెట్టి మళ్ళీ చదువుతుంది. బూటింగూ, లాగినూ, అతిథిలో మనం టైపు చేసే ఆదేశాలూ అన్నీ ఈ చుట్టులోనే.

ఆ రీడ్ లోపల కెర్నెలు మాడ్యూలు ఒక లూపు తిప్పుతుంది. అతిథి ఏమైనా అడిగిందా? దానికి ఇంటరప్టు ఏదైనా అందించాలా? లాంచర్ని ఎవరైనా చంపమన్నారా? ఇవన్నీ చూసుకుని స్విచ్చర్ని పిలుస్తుంది. స్విచ్చరనేది చిన్న అసెంబ్లీ ముక్క. అది ఆతిథేయి రిజిస్టర్లు దాచి, పేజీ టేబుల్ మార్చి, అతిథి రిజిస్టర్లు ఎక్కించి అందులోకి దూకుతుంది. ఇక్కడో చిక్కుంది. పేజీ టేబుల్ మార్చగానే చిరునామాలన్నీ మారిపోతాయి. నువ్వు నిలబడ్డ నేలే మాయమైతే తర్వాతి అడుగు ఎక్కడ వేస్తావు? అందుకే స్విచ్చర్ని రెండు లోకాల్లోనూ సరిగ్గా ఒకే చిరునామాలో పెట్టారు. రెండు ఇళ్ళకీ ఉమ్మడి గుమ్మం లాగా. ఇది చదివి అర్థమైన రోజున మీకు పేజీ టేబుల్ అంటే నిజంగా అర్థమైనట్టు.

అతిథి కెర్నెలు రింగ్ 1లో, దాని ప్రోగ్రాములు రింగ్ 3లో నడుస్తాయి. రింగ్ 0 ఎప్పుడూ ఇంటి ఓనరుదే. అతిథి నడుస్తుండగా ఆతిథేయి టైమరు మోగితే స్విచ్చరు వెనక్కి లాక్కొచ్చి, ఆ ఇంటరప్టుని అసలు కెర్నెలుకి అప్పజెబుతుంది. పేజీ ఫాల్టు వస్తే అతిథి రాసుకున్న టేబుల్లో ఆ చిరునామా ఉందేమో చూస్తుంది. ఉంటే తను దాచుకున్న అసలు టేబుల్లో చేర్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ నడిపిస్తుంది. లేకపోతే అది అతిథి సొంత గొడవ, దానికే పంపిస్తుంది. అతిథి రాసుకునేది ఒకటి, ప్రాసెసరు చూసేది ఇంకొకటి. ఇదే షాడో పేజీ టేబుల్.

మరి అతిథి వెర్రి వేషాలేస్తే? ఎల్‌గెస్ట్ విధానం నాకు భలే నచ్చింది. బుజ్జగింపులు లేవు, సరిదిద్దడాలు లేవు. చెయ్యకూడనిది చేస్తే అతిథిని చంపెయ్యడమే. కోడు ఇంత చిన్నగా ఉండడానికి ఇదొక కారణం.

ఇక్కడ కొందరు అడుగుతారు: "ఇదంతా ఇప్పుడు హార్డువేరే చేస్తోంది కదా, చచ్చిపోయిన కోడు చదివి ఏం బావుకుంటాం?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు రెండు ముక్కల్లో.

ఒకటి, హార్డువేరు పనిని తీసెయ్యలేదు, కంటికి కనపడకుండా దాచింది. ఇప్పుడు అతిథి పేజీ టేబులొకటి, ఆతిథేయిదొకటి, రెండిటినీ ప్రాసెసరే వెతుక్కుంటుంది. బావుంది. కానీ నాలుగేసి అంచెల టేబుళ్ళు రెండూ కలిస్తే, టీఎల్‌బీలో దొరకని ఒక్క చిరునామా కోసం అత్యధికంగా 24 సార్లు మెమొరీ తిరగాలి. డేటాబేసు వర్చువల్ మెషీన్లో ఎందుకు నెమ్మదించిందో, పెద్ద పేజీలు పెట్టగానే ఎందుకు కుదుటపడిందో ఈ లెక్క తెలిసినవాడికి అర్థమవుతుంది. తెలియనివాడు ఇంకా పెద్ద మెషీను కొంటాడు. అలాగే టాప్ కొడితే చివర్లో ఎస్‌టీ అని ఒక అంకె కనపడుతుంది, చూశారా? మన మెషీను ప్రాసెసరు నిజానికి ఆతిథేయి దగ్గర ఒక మామూలు థ్రెడ్. ఆ థ్రెడ్ క్యూలో నిలబడ్డ కాలమే ఆ అంకె. ఎల్‌గెస్ట్ లూపు ఒక్కసారి చదివినవాడికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. చదవనివాడు తన కోడులో తప్పు వెతుకుతూ రాత్రుళ్ళు కూర్చుంటాడు.

రెండోది ఇంకా ముఖ్యం. హైపర్‌వైజరు అనేది ఒక నమ్మకం. పక్క మెషీన్లో ఎవడున్నాడో మనకి తెలియదు. మధ్యలో ఉన్న గోడ గట్టిదని నమ్మి ఉంటున్నాం. అద్దెకు దిగేముందు గోడలు చూస్తాం కదా, మరి ఇక్కడ చూడమే? 2015లో వీనమ్ అనే లొసుగు బయటపడింది. అది ఎక్కడుందనుకున్నారు? క్యూఈఎంయూ లోపల ఫ్లాపీ డ్రైవుని అనుకరించే కోడులో. ఫ్లాపీలు వాడటం మానేసి ఎన్నేళ్ళయిందో అందరికీ తెలుసు. కానీ ఆ కోడు 2004 నుంచీ అలాగే ఉంది, దాని గుండా అతిథి గోడ దూకి ఆతిథేయిలోకి వచ్చే అవకాశం ఉండింది. ఎవరూ చదవని కోడుకి ఇదే గతి. పరిమాణం అనేది అందానికి సంబంధించిన విషయం కాదు, భద్రతకి సంబంధించిన విషయం.

ఈ పాఠం పరిశ్రమకి ఎక్కిందనడానికి సాక్ష్యాలున్నాయి. అమెజాన్ 2018లో బయటపెట్టిన ఫైర్‌క్రాకర్ కేవీఎం మీదే నడుస్తుంది గానీ, పైనున్న క్యూఈఎంయూని పక్కన పెట్టేసింది. ఫ్లాపీ లేదు, తెర లేదు. నెట్‌వర్కు, డిస్కు, సీరియల్ కన్సోలు, రీసెట్ కోసం కీబోర్డు కంట్రోలరు - ఇంతే మొదట అందులో ఉన్న పరికరాలు. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన పీకేవీఎం ఇంకో అడుగు ముందుకేసి, అసలు ఆతిథేయి కెర్నెల్ని కూడా పూర్తిగా నమ్మక్కర్లేదంటూ చిన్న ముక్కని మాత్రమే పై అధికారంతో ఉంచింది. అందరూ మళ్ళీ చిన్నదాని వైపే నడుస్తున్నారు.

ఇక్కడే ఎల్‌గెస్ట్ అసలు గొప్పతనం చెప్పాలి. అతిథి డిస్కుతో, నెట్‌వర్కుతో ఎలా మాట్లాడాలి అనే ప్రశ్నకి ఒక్కో హైపర్‌వైజరూ ఒక్కో డ్రైవరు రాసుకుంటున్న రోజుల్లో, అందరికీ కలిపి ఒకటే పద్ధతి ఉండాలని రస్టీ రసెల్ వర్టయో తయారు చేశాడు. 2008 జనవరిలో 2.6.24తో వచ్చింది. దాన్ని ముందుగా వాడినవాటిలో ఎల్‌గెస్ట్ ఒకటి. ఇవాళ కేవీఎం, ఫైర్‌క్రాకర్ అన్నీ వాడేది అదే. అది ఇప్పుడు ఓయాసిస్ సంస్థ ప్రమాణం కూడా. పిట్ట పోయింది, కూత మాత్రం ఇంకా వినపడుతోంది.

మరి అంత మంచిదాన్ని తీసెయ్యడం ఎలా సబబంటారా? ఎల్‌గెస్ట్ 32-బిట్ దాటి కెర్నెల్లో ముందుకి పోలేదు. వాడేవాళ్ళు దాదాపు లేరు. దానికోసం కెర్నెల్లో అక్కడక్కడా పెట్టిన కొక్కేల్ని మిగతావాళ్ళు మోసుకు తిరగాలి. మ్యూజియం వస్తువుని నడిరోడ్డు మీద పెట్టి బస్సుల్ని పక్కనుంచి పొమ్మంటే కుదరదు. వాడని కోడు ఉంచితే ఏమవుతుందో ఫ్లాపీ కథలో చూశాం కదా. కాబట్టి తీసేసినవాళ్ళది తప్పు కాదు, అది మంచి గృహస్థు చేసే పని.

కానీ మ్యూజియానికి వెళ్ళడం మన చేతిలో పని. 4.13 కెర్నెలు సోర్సు ఎవరైనా దించుకోవచ్చు. డ్రైవర్ల కింద ఎల్‌గెస్ట్ డైరెక్టరీ తెరవండి. వ్యాఖ్యల్ని ఏడు అధ్యాయాలుగా విడగొట్టి పెట్టారు: ముందు సన్నాహం, తర్వాత అతిథి, డ్రైవర్లు, లాంచరు, ఆతిథేయి, స్విచ్చరు, చివరికి నైపుణ్యం. మేక్ ఆదేశం కొడితే అధ్యాయం తెరమీదకొస్తుంది. మధ్యమధ్యలో నవ్వించే మాటలు కూడా ఉన్నాయి. సీ వచ్చి, పేజీ టేబుల్ అనే మాట ఒకసారి విని ఉంటే రెండు వారాంతాలు చాలు.

మన కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పేవాళ్ళకి నాదొక మనవి. పరీక్షలో "హైపర్‌వైజరు రకాలు వ్రాయుము" అని అడిగి మార్కులిచ్చే బదులు, ఈ స్విచ్చరు ముక్కని బోర్డు మీద పెట్టి, "పేజీ టేబుల్ మార్చిన తర్వాతి లైను ఎలా నడిచింది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన పిల్లవాడు, ఏ కంపెనీ ఏ కొత్త పేరుతో ఏ క్లౌడు తెచ్చినా బెదరడు. పేర్లు మూడేళ్ళకోసారి మారతాయి. పేజీ టేబుల్, ఇంటరప్టు, అధికారం ఎవరిదన్న ప్రశ్న - ఇవి 1974 నుంచీ అవే.