దడను రప్పించి చూచే పరీక్ష

ఒక తల్లి ఉత్తరము మా ముందున్నది. తొమ్మిదేండ్ల కొడుకు ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి కూలబడతాడట. ఎదపై చెయ్యి వేస్తే లెక్కకు అందని వేగం. పావుగంటకు దానంతటదే తగ్గిపోతుంది. పట్నం డాక్టరుగారు, తొడ మొదట్లోని రక్తనాళము గుండా గుండెలోకి సన్నని తీగలు పంపి, ఆ దడను తామే రప్పించి చూడాలన్నారు. "జబ్బు తగ్గించమని వెళితే జబ్బు రప్పించడమేమిటండీ?" అని ఆమె ప్రశ్న.

ఆమెను తప్పుపట్టలేము. మాకూ మొదట అలాగే తోచింది.

గుండెకు స్వంత కరెంటు ఉంది. అది పైన కుడి గదిలో పుట్టి, మధ్యనున్న ఒకే దారిన క్రింది గదులకు దిగుతుంది. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే మరొక అడ్డదారి ఉంటుంది. అప్పుడు కరెంటు ఒక దారిన దిగి, రెండవ దారిన పైకెక్కి, గానుగెద్దులా తిరుగుతుంది. గుండె నిమిషానికి 200 సార్లకు మించి కొట్టుకోవచ్చు. ఇటువంటి వారిని గూర్చి వోల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ అను వైద్యులు 1930లోనే వ్రాశారు. దడ లేనప్పుడు తీసిన ఇ.సి.జి.లో కొందరికి ఏమీ కనబడదు. గట్టుకు బొరియ ఎక్కడుందో నీరు పారినప్పుడే గదా తెలిసేది! అందుకే బిడ్డను మందుతో నిద్రపుచ్చి, చిన్న కరెంటు తాకిడులతో దడను లేపి, తీగల కొనలతో ఆ చోటు వెదకుతారు. దానిని ఆపే సాధనాలూ ప్రక్కనే ఉంటాయి. దొరికితే చాలాసార్లు అప్పుడే కొనను వేడిచేసి అడ్డదారిని మూసివేస్తారు. ఎద కోయనక్కరలేదు.

ప్రమాదమే లేదని మేము చెప్పము. గుచ్చినచోట రక్తము కారవచ్చు. అడ్డదారి అసలు దారికి మరీ దగ్గరైతే, అరుదుగా అసలుదే దెబ్బతిని పేస్‌మేకరు పెట్టవలసి రావచ్చు. అటువంటిచోట వేడికి బదులు గడ్డకట్టించే చల్లదనము వాడే పద్ధతి కూడా ఉంది. సంతకానికి ముందు ఈ సంగతి అడగండి. డాక్టరుగారు ఏమీ అనుకోరు. చంటిబిడ్డలకైతే, మందులతో అదుపులో ఉన్నంతకాలం తొందరపడరు. చాలామందికి ఏడాది నిండేలోగా దడ రావడం మానుతుంది.

పరీక్షకు ముందు కొన్ని మందులు ఆపమంటారు. వారు చెప్పినవే, చెప్పిన రోజునే ఆపాలి. పరగడుపున ఉంచమంటే జాలిపడి ఇడ్లీముక్క పెట్టకండి. తరువాత కొన్ని గంటలు కాలు మడవకుండా పడుకోవాలి; పిల్లవాడికి అసలు కష్టం అదే!

అమ్మా, ఈలోగా మళ్లీ దడ వస్తే తగ్గేవరకు ఇంట్లో కూర్చోకండి. దగ్గరి ఆస్పత్రిలో అప్పటికప్పుడు ఇ.సి.జి. తీయించి, ఆ కాగితము పట్నం తీసుకొని వెళ్లండి.