శ్రుతి గొంతుదా, యంత్రానిదా?

కీబోర్డుపై ట్రాన్స్‌పోజ్ మీట నొక్కడం సంగీతద్రోహమని వాదించే పండితులు కొందరున్నారు. ఆ మీట ఉన్నది కేవలం తమ సౌకర్యం కోసమేననుకునే వాద్యకారులు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. ఈ ఇరుపక్షాల ధోరణీ నాకు సమ్మతం కాదు. మొదటివారు మన సంప్రదాయాన్ని మరచినారు; రెండవవారు పాడే మనిషినే మరచినారు. ఈ రెండవ మరుపే ఎక్కువ హాని చేస్తున్నది.

ముందుగా పండితుల మాట. కర్ణాటక సంగీతంలో షడ్జమానికి స్థిరమైన చోటంటూ లేదు. పురుషులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతుల్లోనూ, స్త్రీలు నాలుగున్నర మొదలు ఆరు శ్రుతి వరకూ పాడుకుంటారు. ఎక్కడ పాడినా మోహనం మోహనమే. శ్రుతి జరిపితే రాగం చెడుతుందనేవారు దీనిని గ్రహభేదంతో కలగాపులగం చేస్తున్నారు. మోహన స్వరాలను కదల్చకుండా రిషభాన్నే షడ్జమంగా భావిస్తే మధ్యమావతి పుడుతుంది, అది గ్రహభేదం. స్వరాలన్నింటినీ ఒకే దూరం జరిపితే రాగం మారదు, అది ట్రాన్స్‌పోజ్. మెట్ల వరుసను పక్కకు జరిపే స్కేల్ ఛేంజర్ హార్మోనియం ఈ పనిని విద్యుత్తు అవసరం లేకుండానే చేస్తుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది; 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మెట్ల వాద్యంపై గమకం పలకదన్న ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. కాని ఆ లోపం మెట్లది, శ్రుతి మార్చే మీటది కాదు.

ఇక వాద్యకారుల సంగతి. కీబోర్డుపై ఆక్టేవ్, ట్రాన్స్‌పోజ్ మీటలు పక్కపక్కనే ఉంటాయి గనుక రెండూ ఒకటేనన్న భ్రమ ప్రబలింది. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ప్రతి స్వరానికీ 0 నుండి 127 వరకు ఒక సంఖ్య ఉంటుంది. మధ్య స్థాయి సి స్వరం 60. ఆక్టేవ్ మీట ఆ సంఖ్యకు 12 కలుపుతుంది, లేదా తీసివేస్తుంది. ఇరవై అయిదు మెట్ల చిన్న పలకపై పెద్ద వాద్యపు విస్తృతిని అందుకోవడానికి అది సాధనం. షడ్జమం పై స్థాయికో, కింది స్థాయికో పోతుందే తప్ప శ్రుతి మారదు. ట్రాన్స్‌పోజ్ మీట ఒక్కొక్క మెట్టు చొప్పున జరుపుతుంది. శ్రుతిని మార్చేది అదొక్కటే. మొదటిది వాయించేవారి చేతుల కోసం, రెండవది పాడేవారి గొంతు కోసం.

ఈ భేదం పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. వాద్యకారుడు ఒకటి శ్రుతిలో పాట సాధన చేసి ఉంటాడు. పాడవలసిన స్త్రీ గొంతు అయిదు శ్రుతిది. ట్రాన్స్‌పోజ్‌ను ఏడు మెట్లు పైకో, అయిదు మెట్లు కిందికో జరిపితే సమస్య తీరిపోతుంది. దానికి బదులు ఆక్టేవ్ మీట నొక్కి, 'ఇక పాడమ్మా' అంటే, ఆమె మంద్రంలో వినబడకనైనా పోవాలి, తారలో అరవనైనా అరవాలి. చివరకు మిగిలే తీర్పు ఏమిటి? 'ఆమెకు గొంతు లేదు' అని!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పాటకు ఇది మరీ అన్యాయం. బతుకమ్మ ఆటలో తాళం చప్పట్లదే. ఒకామె ఎత్తుకున్న శ్రుతిని తక్కినవారు అందుకుంటారు. ఒగ్గుకథలో డోలు, తాళాలే ప్రధానం. కథకుని గొంతే శ్రుతి. తరతరాలుగా మనిషి నిర్ణయించిన శ్రుతిని, కీబోర్డు వచ్చింది గనుక ఇప్పుడు యంత్రం నిర్ణయించడం అభివృద్ధి ఎట్లవుతుంది? ఒంటికి కొలత తీయకుండా రవిక కుట్టరాదని బట్టలు నేసే సిరిసిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. గొంతుకు కొలత తీయకుండా పాట కడితే మాత్రం ఎవరూ అడగరు.

'మీటకు అలవాటుపడినవాడు పన్నెండు శ్రుతుల్లో వాయించడం నేర్చుకోడు గదా' అనే ఆక్షేపణ ఒకటుంది. నిజమే, నేర్చుకోవలసిందే. అయితే అతడు నేర్చుకునే దాకా ఆమె గొంతు చించుకోవాలా? వాద్యకారుని సాధనలో లోటుకు గాయనిని శిక్షించడం ఏ శాస్త్రం?

మీట నొక్కేవారికీ కొన్ని బాధ్యతలున్నాయి. ఎన్ని మెట్లు జరిపినదీ తోటి వాద్యకారులకు చెప్పాలి. పాట ముగియగానే సున్నాకు తేవాలి. లేకుంటే తరువాతి పాట అపశ్రుతితోనే మొదలవుతుంది. తాళవాద్యాల వరుసను మాత్రం జరపరాదు. 1991 నాటి జనరల్ మిడి ఒప్పందం ప్రకారం అక్కడి సంఖ్యలు స్వరాలు కావు, వాద్యాల పేర్లు. 36 పెద్ద డ్రమ్ము, 38 స్నేర్. రెండు మెట్లు జరిగితే ఒకదాని బదులు మరొకటి మోగుతుంది.

వాద్యకారులను నేను కోరేది పెద్ద విద్య కాదు. వాయించడానికి ముందు గాయనిని వాద్యం లేకుండా ఒక్క చరణం పాడమని అడగండి. ఆమె షడ్జమం ఎక్కడుందో వినండి. ఆ తరువాతే మీటపై చేయి వేయండి. దీనితో విభేదించే మిత్రులు నిస్సంకోచంగా విభేదించవచ్చు. కాని పాడేవారి పక్షాన నిలబడి వాదించాలని మనవి.