పచ్చగా కనబడే కొమ్మ



వజ్రపుకొత్తూరు వైపు గృహ దర్శనమునకు వెళ్లినప్పుడు ఒక తల్లి కన్నీళ్లతో చెప్పింది: “అయ్యగారూ, గల్ఫులో ఉన్న మా బాబు నాలుగు రోజులై మాటాడ్నేదు. సెల్లులో వైఫై గీతలు నిండుగానే ఉన్నాయి. ఆడికే మా మీద మనసు నేదు.”

గోడకున్న వైఫై పెట్టెను చూశాను. ఎర్రదీపము ఆరుతూ వెలుగుతూ ఉన్నది. సంగతి అర్థమైంది.

సెల్లులో కనబడే గీతలు సెల్లుకూ ఆ పెట్టెకూ మధ్యనున్న సంబంధమును మాత్రమే చెప్పును. పెట్టెకూ బయటి లోకమునకూ ఉన్న సంబంధమును చెప్పవు. ఫైబరు పెట్టెమీద ‘ఎల్‌ఓఎస్’ అనుచోట ఎర్రదీపము వెలిగితే, తీగ ద్వారా రావలసిన వెలుగు రావడం లేదని అర్థము. తీగ తెగియుండవచ్చును, మడత పడియుండవచ్చును, ఊడియుండవచ్చును. తెగిన కొనలోనికి కన్నుపెట్టి చూడరాదు, కంటికి హాని. లైను పనివానికి కబురు చేయాలి. ఎర్రదీపము లేకపోయినా నెట్టు రాకపోతే పెట్టెను ఆర్పి, అరనిమిషమాగి, మరల వేసి చూడాలి. పాస్‌వర్డు అందరికీ చెప్పరాదు.

బయటికి వచ్చి చూస్తే కొబ్బరి మట్ట పడి తీగ తెగియున్నది. మరునాడు దానిని అతికించారు. నాలుగు దినముల సందేశములు ఒక్కసారే వచ్చినవి. “అమ్మా, ఎలాగున్నావు? ఎందుకు పలకవు?” అని ఆ కుమారుడే దిగులుపడుచున్నాడు! తల్లి సిగ్గుపడి, సెల్లును గుండెకు హత్తుకొన్నది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానమును కొట్టిన దినము జ్ఞాపకమున్నదా? విరిగిపడిన జీడి కొమ్మలు ఒకటి రెండు దినములు పచ్చగానే కనబడినవి. కాని చెట్టుతో సంబంధము అప్పటికే తెగిపోయినది. యోహాను 15వ అధ్యాయములో ప్రభువు తీగెను గూర్చి బోధించినది ఇదియే.

ప్రియులారా, మన గుడి హాజరు, పాటలు, కానుకలు గీతలవలె నిండుగా కనబడవచ్చును. ఒంటరి ప్రార్థన తెగిపోయినదేమో చూచుకొందము. అలాగే ఇంటివారిలో ఎవరైనా పలకనప్పుడు, మనసు లేదని తీర్పు తీర్చక ముందు, తెగినది ఎక్కడో వెదకుదము. ఒకవేళ అది మన గుమ్మము ముందే ఉండవచ్చును.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో, చాలా దినములుగా మాటలేని ఒకరి పేరు తలంచుకొని, రేపు మీరే ముందుగా పలకరించండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.