పుంగనూరు సంగటిలోకి ఏ మాంసం?

ఈ వారం ఫోన్లో ఒక సందేశం తిరుగుతోంది. హలాల్ బోర్డున్న కొట్లో సరుకులు కొనొద్దట, ఆ హోటళ్లలో తినొద్దట. నాకు పంపిన వాళ్లలో పుంగనూరు చుట్టాలూ ఉన్నారు. చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇన్నేళ్లూ మీరు మాంసం ఎక్కడ తెచ్చుకున్నారు? సాయిబు బిస్మిల్లా అని కోసిన పొట్టేలే కదా మన ఇళ్లలో సంగటిలోకి పులుసయింది! సాయిబులూ భోజనానికి వస్తారని ముల్లాను పిలిచి యాటను కోయించిన పెద్దలు మన ఊళ్లలోనే ఉన్నారు. అప్పుడు బోర్డు లేదు, అంతే తేడా.

మదనపల్లెలో నేను వెళ్లే కొట్టొకటి ఉంది. ముందు కిరాణా, వెనక నాలుగు బల్లల హోటలు. గల్లాపెట్టె దగ్గర తండ్రి, పొయ్యి దగ్గర కొడుకు. లోపల అత్తాకోడళ్లు అల్లం వెల్లుల్లి నూరుతుంటారు. వాళ్లు చెయ్యి ఆపితే కొట్టు ఆగిపోతుంది. తెల్లారకముందే టమాటా మార్కెట్ హమాలీలు పరోటా, షేర్వా కోసం వస్తారు. మధ్యాహ్నం ఖుష్కా. ముక్కకు డబ్బుల్లేకే ఖుష్కా అడుగుతారని ఆ కొడుక్కి తెలుసు. షేర్వా పోసేటప్పుడు గరిటెను అడుగుదాకా ముంచి ఓ ముక్క పడేలా చూస్తాడు. రంజాన్ నెలలో సాయంత్రం గంజి కోసం గిన్నెలు పట్టుకొచ్చే పిల్లల్లో అన్ని కులాల వాళ్లూ ఉంటారు.

ఆ కొట్లో నేను అన్నిటికన్నా విలువిచ్చేది అప్పు పుస్తకానికి. ఉర్దూలో పేర్లు, పక్కన అంకెలు. "భాయ్, పద్దు రాసుకో" అంటే చాలు, ఆధార్ అడగరు, వడ్డీ అడగరు. 2023 జులైలో మన మార్కెట్లో కిలో టమాటా వంద దాటి ఎగబాకినప్పుడు పాత బాకీలు తీరాయి. ధర పడిపోయి రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో పుస్తకం మళ్లీ నిండుతుంది. కువైట్‌లో పనికి పోయిన తల్లి డబ్బు పంపేదాకా ఇక్కడ ఆమె పిల్లలకు బియ్యం, నూనె ఇచ్చేది ఇలాంటి కొట్లే. నిమిషాల్లో సరుకు తెస్తామనే యాప్‌లు ఆ పిల్లలకు పిడికెడు బియ్యం అప్పివ్వవు. బ్యాంకు గడప తొక్కలేని మనిషిని ముఖం చూసి నమ్మే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది? అక్కడ కొనొద్దంటే, ముందు తెగేది పేదవాడి అప్పు.

ఈ విషం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనిది కాదు. 2022 ఉగాది ముందు కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ఊరూరా ప్రచారం చేశారు. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ధ్రువీకరణ ఉన్న సరుకుల అమ్మకాన్ని నిషేధించి, ఎగుమతులను మాత్రం వదిలేసింది. అరబ్బు దేశాలకు పంపితే వ్యాపారం, మన వీధిలో అమ్మితే నేరం! ఉగాది నాడు ముస్లింలు చింతపండు, బెల్లం పట్టుకుని దేవుని కడప గుడికి వెళ్లే సీమ మనది. కుప్పం నుంచి రైలెక్కి ఆంబూరు బిర్యానీ కోసం వెళ్లేవాళ్లు ఏనాడూ మాంసం హలాలా కాదా అని అడగలేదు. ఈ జబ్బు సరిహద్దు దాటి వస్తుంటే మన నాయకులు ఒక్కరూ నోరు విప్పరేం?

నాయకులంటే గుర్తొచ్చింది. విశాఖ సముద్రం ఒడ్డున లులూ మాల్‌కు 13 ఎకరాలకు పైగా భూమిని 99 ఏళ్ల లీజుకిచ్చారు. గల్ఫ్‌లో హలాల్ సరుకులమ్మి ఎదిగిన సంస్థే అది. దానికి ఎర్ర తివాచీ పరిచిన ప్రభుత్వం మదనపల్లె కొట్టుకు ఏం ఇచ్చింది? అద్దె పెరుగుతోంది, ముందున్న కాలువ పొంగుతోంది, రోడ్డు వెడల్పు పేరెత్తితే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ముఖ్యమంత్రి 1989 నుంచీ కుప్పం ఎమ్మెల్యే. పుంగనూరు, మదనపల్లె, కుప్పం చిన్న కొట్ల సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మాల్‌కు 99 ఏళ్ల భరోసా ఇవ్వగలిగిన వాళ్లు, మున్సిపాలిటీ గదుల్లో కొట్లు నడిపే ఇలాంటి కుటుంబాలకు కనీసం పదేళ్లు అద్దె పెంచబోమని కాగితం రాసివ్వాలి. కొనొద్దని సందేశాలు తిప్పేవాళ్ల మీద పోలీసులు కేసు పెట్టాలి.