మైనపు రేకులు లేకుండా మొదటి తేనెపెట్టె

తేనెపెట్టె పెడదామనుకునేవాళ్ళు మన గ్రూపులో ఎక్కువయ్యారు. వాళ్ళకి మా మాట ఒకటే: మొదటి పెట్టెకి అచ్చు మైనపు రేకులు కొనకండి.

మేం కొట్పాడ్ దగ్గర మల్బరీ వేసి పురుగులు పెంచుతున్నాం. మొదటిసారి పెట్టె కొన్నప్పుడు ఫ్రేములతో పాటు రేకులూ అంటగట్టారు. తీరా చూస్తే అవి ఇటాలియన్ ఈగ కొలతవి. దాని గది 5 మిల్లీమీటర్లు దాటుతుంది, తొర్రల్లో ఉండే మన నాటు ఈగ గది అంతకన్నా చిన్నది. మా ఈగలు ఆ రేకుల్ని కొరికి, వంకరటింకరగా కట్టి, పదిహేను రోజులకే లేచిపోయాయి. డబ్బు పోతే పోయింది, ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర మా మాటకి విలువ కూడా పోయింది.

రేకు అనేది 1857లో జర్మనీలో మేరింగ్ అనే ఆయన కనిపెట్టాడు. అంతకు ముందు ఈగలు తెట్టె కట్టలేదా? మనం పండుపురుగుని చంద్రిక ఎక్కిస్తాం, గూడు అల్లేది పురుగే. ఇదీ అంతే. చోటు చూపిస్తే చాలు.

ఫ్రేము పైపట్టీ అడుగున, సరిగ్గా మధ్యలో, సన్నని చెక్కబద్ద దిగగొట్టి కరిగించిన మైనం రాయండి. ఈగలు ఆ గీత పట్టుకుని కిందికి కడతాయి. పట్టీ మధ్య నుంచి పక్క పట్టీ మధ్యకి 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు, ఉండాలి. ఎడం ఎక్కువైతే మధ్యలో ఇంకో తెట్టె లేస్తుంది. పెట్టె పక్కకి వాలకూడదు. తెట్టె తూకం దారంలా నిలువుగా దిగుతుంది, పెట్టె వాలితే పక్క ఫ్రేముకి అతుక్కుంటుంది. కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు మామూలే, మన పురుగుల స్టాండుకి పెట్టినట్టే.

తొర్రలోంచి తెచ్చిన పట్టులో పిల్లలున్న తెట్టెలు రెండు మూడు, పైభాగం పైకే ఉండేలా ఫ్రేముల్లో పెట్టి అరటినారతో కట్టండి. పిల్లలుంటే ఈగలు తొందరగా వదిలిపోవు. తెట్టె అతుక్కున్నాక నారని అవే కొరికి పారేస్తాయి. ఆ తిన్నని తెట్టెల మధ్య ఒక్కో ఖాళీ ఫ్రేము దించండి. రెండు పక్కలా గోడలున్నట్టు, మధ్యలోది తిన్నగా వస్తుంది.

దీనికి కష్టాలు లేవని చెప్పం. కొత్త తెట్టె వెన్నలా మెత్తన. ఫ్రేముని పడుకోబెట్టి చూశారా, విరిగి చేతిలో పడుతుంది. ఎప్పుడూ నిలువుగానే తిప్పాలి. నాలుగు వైపులా అతుక్కోని తెట్టెని తేనె తీసే మిషన్లో పెట్టొద్దు. పోతుఈగల గదులు కూడా కాస్త ఎక్కువే కడతాయి. తేనె అమ్మకానికే ఇరవై పెట్టెలు పెట్టేవాళ్ళు నాటు ఈగ కొలత రేకులు వెతికి వేసుకుంటే తప్పులేదు. మేం చెప్పేది మొదటి పెట్టె గురించి.

ఇంకో మాట. మల్బరీ తోట ఉంది కదా, తేనె దానంతట అదే వస్తుందనుకోకండి. మల్బరీకి పరాగం గాలితోనే పడుతుంది, అది తేనెనిచ్చే పూత కాదు. కానీ తోటలో కలుపు పూలమీద ఈగ వాలుతుంది. మనం ఆకు కోతకి గడువు చూసుకుని రోగార్ కొడతాం, ఈగకి ఆ గడువు తెలియదు. కొట్టక తప్పకపోతే ముందు ఆ పూలు పీకేసి, పొద్దు వాలాకే కొట్టండి. బ్లీచింగ్ చల్లే పెంపకం షెడ్డుకి పెట్టె దూరంగా ఉంచండి.

మన వైపు అసలు తేనె వలిసె పూతకి. వానలు తగ్గేసరికి పెట్టెలో ఈగ నిండుగా ఉండాలి. రేకులకి పెట్టే డబ్బు వానాకాలం పంచదార పాకానికి దాచుకోండి.