విశ్వవిద్యాలయ శిక్షణము ఆచార్యులకేనా?

విశ్వవిద్యాలయమున నేర్వవలసినవారు విద్యార్థులు మాత్రమే యని తలంచుట పొరపాటు. అచ్చటి ఉద్యోగులును నేర్వవలసినవారే. 1986వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ననుసరించి అధ్యాపకుల శిక్షణకై కొన్ని విశ్వవిద్యాలయములందు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలసినవి. అవియే 2023లో మాలవీయ నామము దాల్చినవి. పేరు మాఱినను వాని దృష్టి ప్రధానముగా బోధకులమీదనే నిలిచినది.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 4కు తక్కువ గాకుండ వారికి కేటాయింపవలెనని విధించినది. 1995 నాటి చట్టమున నిది 3 మాత్రమే. అంతియ గాదు, వారు పనిచేయుటకు వలయు సౌకర్యములను గూడ సమకూర్పవలెనని క్రొత్త చట్టము శాసించినది. కాని ఉద్యోగమిచ్చి మెట్లు చూపినచో, చక్రముల కుర్చీపై వచ్చు ఉపన్యాసకుడు తరగతి కెట్లు చేరగలడు? చదివి వినిపించు యంత్రమున కనువుగా ఉత్తరువులను పంపుట గుమాస్తాకు నేర్పకున్న, అంధుడైన అధ్యాపకునకు ఆ చట్ట మేమి సేయగలదు?

కావున శిక్షణము ఆచార్యులతో నాగరాదు. గుమాస్తాకును, బంట్రోతునకును, ఒప్పందముపై పనిచేయువారికిని అది లభింపవలెను. అందులకు వలయు ద్రవ్యమును ఏటేట ఆదాయవ్యయపట్టికలో చూపుమని పాలకవర్గములను నిలదీయు హక్కు పన్నులు చెల్లించు మనకు కలదు. పీఠమిచ్చి దారి మూయుట న్యాయము గాదు, పరిహాసము.